ఖాళీ అంటే అంత అలుసా?

మన ఇళ్ళల్లో "ఖాళీ" అనే మాటకున్నంత చెడ్డపేరు మరో మాటకి లేదు. గది ఖాళీగా వుంటే అద్దెకిస్తాం. గోడ ఖాళీగా వుంటే క్యాలెండరు తగిలిస్తాం. పెద్ద డబ్బా ఖాళీగా వుంటే అందులో చిన్న డబ్బాలు నాలుగు దాస్తాం. ఇక ఆడమనిషి ఖాళీగా కనిపించిందా, చెప్పనే అక్కర్లేదు. "ఊరికే కూర్చున్నావుగా, కాస్త ఈ పని చూడు!"

ఈ దురలవాటు ఇప్పుడు కంప్యూటర్ల దాకా పాకింది. అందులో ఎక్కడైనా రవంత చోటు మిగిలితే మనకి నిద్రపట్టదు. పెళ్ళి వీడియోలు, పేరంటం ఫోటోలు, పిల్లవాడి ఎల్.కె.జి. డాన్సు మూడు కాపీలు, ఎవరెవరో పంపిన శుభోదయాలు, ఆ శుభోదయాలకి మనం పంపిన జవాబు శుభోదయాలు, అన్నీ కుక్కుతాం. కుక్కగా కుక్కగా అది ఆయాసపడుతూ నత్తనడక నడుస్తుంటే "పాతబడిపోయింది" అని ఒక ముద్ర కొట్టేస్తాం. ఆ మాట మన నోటివెంట ఎప్పుడొస్తుందా అని దుకాణంవాడు కాచుక్కూచుని వుంటాడు.

ఆ ముద్రతోనే నాకు తగాదా. చాలా ఇళ్ళల్లో పాతబడిన యంత్రమంటూ ఏమీ లేదు. ఊపిరాడనివ్వని యంత్రం వుంది. దాన్ని పారేయించి కొత్తది కొనిపించడం అన్యాయమని నా వాదన.

"తెలుగు బి.ఏ. చదివి నవలలు రాసుకునేదానివి, కంప్యూటర్ల గొడవ నీకెందుకమ్మా?" అని ఇప్పటికే ఒకరిద్దరు పెద్దమనుషులు అడిగారు. ఎందుకంటే నా నవలలు అందులోనే వున్నాయి కనక! మీ ఇంటి లెక్కలూ, పిల్లల సర్టిఫికెట్లూ, పోయిన అమ్మమ్మ గొంతూ కూడా అందులోనే వున్నాయి కనక! పోపుల డబ్బా గురించి మాట్లాడటానికి రసాయనశాస్త్రం పట్టా కావాలని ఎవరూ అనరే! ఇల్లు సర్దటం తెలిసినవాళ్ళకి ఈ విషయం ఇంజనీర్ల కన్నా ముందే అర్థమవుతుందని నా నమ్మకం.

పైగా నేనుండేది జూబ్లీహిల్సులో. ఈ బండరాళ్ళ గుట్టల మీదికి 1970లలో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియో తెచ్చారు. తరవాత పద్మాలయా వచ్చింది, రామానాయుడు స్టూడియో వచ్చింది, ఫిలింనగర్ వెలిసింది. ఆ రోజుల్లో సినిమా అంటే బరువు. వెయ్యి అడుగుల రీలు తిరిగితే పదకొండు నిమిషాల బొమ్మ. రెండున్నర గంటల సినిమాకి పద్నాలుగు రేకు డబ్బాలు మొయ్యాలి. ఇవాళ రోజంతా తీసిన షూటింగు పేకముక్కల కట్టంత పెట్టెలో ఇమిడిపోతోంది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని కుర్రాడొకడు స్కూటరు మీద చెక్‌పోస్టు దాటి ఎడిటింగు గదికి పోతున్నాడు. ఫిలింనగర్ సందుల్లో ఏ గదిలోకి తొంగిచూసినా ఆ పెట్టెలే. అంచేత ఇది మా పేట గొడవ కూడాను.

ముందు ఆ వస్తువేమిటో చూద్దాం. కంప్యూటర్లో మన సమాచారం దాచే పెట్టెలు రెండు రకాలు. పాతరకం హార్డ్ డిస్కు. 1956లో ఐ.బి.ఎం. కంపెనీ మొదటిది తెచ్చిన నాటినుంచీ దాని పద్ధతి ఒకటే. లోపల పళ్ళాలు గిర్రున తిరుగుతుంటాయి, గ్రామఫోను ముల్లులాంటిది వాటి మీద కావలసింది వెతుక్కుంటుంది. కొత్తరకం సాలిడ్ స్టేట్ డ్రైవు. అందరూ ఎస్.ఎస్.డి. అంటారు. ఇందులో తిరిగేదీ లేదు, వెతికే ముల్లూ లేదు. 1980లలో జపానులో తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా కనిపెట్టిన ఫ్లాష్ మెమొరీతో చేసిన పెట్టె ఇది. కంటికి కనపడని కోటానుకోట్ల అరల్లో రవ్వంత రవ్వంత విద్యుత్తును బంధించి వుంచుతుంది. ఆ బంధించిన రవ్వలే మన ఫోటో, మన పాట, మన నవల. మామూలు హార్డ్ డిస్కు సెకనుకి నూటయాభై, రెండువందల మెగాబైట్లు అందిస్తే, ఇప్పటి మంచి ఎస్.ఎస్.డి.లు మూడు వేలు, ఏడు వేలు కూడా అందిస్తాయి.

అంత వేగం గలది రెండేళ్ళు తిరిగేసరికి చతికిలబడ్డం దేనికి? అదే చెప్పబోతున్నాను.

చిన్నప్పుడు బళ్ళో పలక గుర్తుంది కదా! ఎస్.ఎస్.డి. అంటే వేలకొద్దీ పలకల దొంతర అనుకోండి. ఒక్కో పలక మీద వందలకొద్దీ వరసలు. ఖాళీ వరస మీద ఎప్పుడైనా రాయొచ్చు. కానీ రాసిన వరస ఒక్కదాన్నే తుడిచి, దాని మీద మళ్ళీ రాయడానికి వీల్లేదు. తుడిస్తే పలక పలకంతా తుడవాలి. వాళ్ళ భాషలో వరసని పేజీ అంటారు, పలకని బ్లాకు అంటారు. అంతే తేడా.

ఇప్పుడొక పలక మీద వంద వరసల్లో ఎనభై పనికిరానివి, ఇరవై కావలసినవి వున్నాయనుకుందాం. ఆ ఎనభై చోట్లు మళ్ళీ వాడుకోవాలంటే ఏం చెయ్యాలి? కావలసిన ఇరవై వరసల్నీ వేరే ఖాళీ పలక మీదికి ఎక్కించాలి. ఆ తరవాతే ఇది తుడవాలి. పెట్టెలో ఓ చిన్న గుమాస్తా కూర్చుని అహర్నిశలూ ఈ పనే చేస్తుంటాడు. చేతిలో నాలుగు ఖాళీ పలకలుంటే మనం చూడనప్పుడు, తీరిక వేళల్లో, నిమ్మళంగా సర్దుకుంటాడు. మనం రాయమన్న వెంటనే కడిగి ఆరబెట్టిన పలక తీసి రాసేస్తాడు. ఖాళీ పలకలే లేవనుకోండి, అప్పుడు మనం "రాయవయ్యా" అన్నాక మొదలవుతుంది ఆయన తంటా. ఇరవై వరసలు ఎక్కించు, పలక తుడుచు, అప్పుడు మన ఒక్క వరసా రాయి! ఒక వరసకి పది వరసల చాకిరీ. ఆ చాకిరీ జరిగినంతసేపూ తెర మీద చక్రం తిరుగుతుంటుంది, మనం దాన్ని తిడుతుంటాం. అదీగాక తుడిచిన కొద్దీ పలక అరుగుతుంది. అంటే కుక్కి నింపినందువల్ల వేగమూ పోతుంది, ఆయుష్షూ తరుగుతుంది.

ఇంకొక చిక్కుంది. ఊరినుంచి ధాన్యం బస్తాలొస్తే ముందు వసారాలో దింపించుకుంటాం. బండివాణ్ణి పంపించాక, మెల్లిగా కొట్టుగదిలోకి చేరుస్తాం. ఎస్.ఎస్.డి.కి కూడా అలాంటి వసారా వుంది. చవకరకం డ్రైవుల్లో ఒక్కో అరలో మూడు నాలుగు ముక్కలు ఇరికించి దాస్తారు. అలా ఇరికించడం నిదానంగా సాగే పని. అందుకని వచ్చిందాన్ని ముందు అరకి ఒక్క ముక్క చొప్పున గబగబా దింపుకుని, తరవాత లోపలికి సర్దుతుంది. ఇల్లంతా సామాను పేరుకుంటే వసారా ఎక్కడ మిగుల్తుంది? చాలా డ్రైవుల్లో పెట్టె నిండేకొద్దీ ఈ వసారా కుంచించుకుపోతుంది. అప్పుడు పెద్ద వీడియో ఒకటి ఎక్కించబోతే మొదటి నాలుగు నిమిషాలూ పరుగు, ఆ తరవాత కుంటి నడక. కొన్ని చవక డ్రైవులైతే పాత హార్డ్ డిస్కు స్థాయికి దిగిపోతాయి. "అబ్బ, ఈ కంపెనీ మోసం!" అని మనం శాపనార్థాలు పెడతాం. కంపెనీ సంగతి తరవాత, ముందు ఆ వసారా కాస్త ఖాళీ చేసిపెట్టండి!

మరి ఏ వరస పనికిరానిదో గుమాస్తాకెలా తెలియాలి? ఇది మంచి ప్రశ్న. మనం ఒక ఫైలు తీసేస్తే, కంప్యూటరు తన పట్టికలో ఆ పేరు కొట్టేసుకుంటుంది, అంతే. పెట్టెలో గుమాస్తాకి ఆ కబురు అందదు. పాపం ఆయన ఎప్పుడో చచ్చిన వరసల్ని కూడా శ్రద్ధగా ఒక పలక మీంచి ఇంకో పలక మీదికి మోస్తూనే వుంటాడు. ఈ వృథా చాకిరీ తప్పించడానికి పెట్టిన కబురు పేరు "ట్రిమ్". 2009లో వచ్చిన విండోస్ 7 నుంచీ ఈ కబురు పంపే పద్ధతి వుంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచీ వారానికోసారి దానంతటదే "ఆప్టిమైజ్" పేరుతో పాత కబుర్లన్నీ మళ్ళీ గుర్తుచేస్తుంది. మీ కంప్యూటర్లో వెతికే చోట "డిఫ్రాగ్‌మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్" అని కొట్టి చూడండి. ఆఖరుసారి ఏ తేదీన జరిగిందో రాసి వుంటుంది. నెలల తరబడి జరగకపోతే ఆ బొత్తాం మీరే నొక్కండి. ఒక్క పైసా ఖర్చు లేదు.

అదే పేరులో వున్న "డిఫ్రాగ్" మాత్రం హార్డ్ డిస్కుల కాలం నాటి వైద్యం. ముల్లుకి వెతుకులాట తగ్గించడానికి ముక్కలన్నిటినీ పక్కపక్కన చేర్చేవారు. ముల్లే లేని పెట్టెకి ఆ వైద్యం దేనికి? డ్రైవు రకాన్నిబట్టి ఏది చెయ్యాలో విండోస్‌కి తెలుసు. కానీ "మీ కంప్యూటర్ని పదింతలు వేగంగా మారుస్తాం" అంటూ డబ్బుచ్చుకుని అదేపనిగా డిఫ్రాగ్ చేసే ప్రోగ్రాములు ఇంకా అమ్ముతున్నారు. కాళ్ళనొప్పికి తలకి పట్టీ వేసినట్టు! పైపెచ్చు పలకలు ఉత్తపుణ్యానికి అరగటం.

ఇక అసలు మందు చెబుతాను. డ్రైవులో ఐదో వంతు, కనీసం పదో వంతు, ఎప్పుడూ ఖాళీగా వుంచండి. వెయ్యి గిగాబైట్ల పెట్టె కొంటే ఎనిమిది వందలదే కొన్నామనుకోండి. పెద్ద ఎత్తున సామాను తీసేసినప్పుడు రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యండి. అందులో వున్నంతకాలం అది ఇంట్లో వున్నట్టే. ఆ తరవాత వెంటనే మూత మూసెయ్యకుండా కరెంటు ఇచ్చి ఓ గంటా రెండు గంటలు దాని మానాన దాన్ని వదిలెయ్యండి. పైకి ఊరికే కూర్చున్నట్టు కనిపించే ఆ గంటలోనే గుమాస్తా పలకలు కడుక్కుంటాడు.

ఈ మాట చదువుతుంటే మీకెవరూ గుర్తుకురాలేదూ? మధ్యాహ్నం రెండుకీ నాలుగుకీ మధ్య అమ్మ ఖాళీయే. ఆ ఖాళీలోనే మర్నాటి ఇడ్లీలకి పప్పు నానేది, బియ్యంలో రాళ్ళు ఏరబడేది, తెగిన బొత్తాం కుట్టుపడేది. సాయంత్రం ఆరింటికి ఇల్లు చకచకా నడిచిందంటే ఆ రెండు గంటల చలవే. ఆ రెండు గంటలూ లాక్కుని, "ఈమధ్య నువ్వు మందకొడిగా తయారయ్యావు" అంటే ఆవిడకెలా వుంటుంది? యంత్రానికి నోరు లేదు కనక చక్రం తిప్పి వూరుకుంటుంది.

వాదనలు చాలించి, జరిగిన సంగతి ఒకటి చెబుతాను. కృష్ణానగర్‌లో నాకు చెల్లెలి వరస అమ్మాయి ఒకతె వుంది. సినిమాలకి సబ్‌టైటిల్స్ రాస్తుంది. నిమిషాల లెక్కన డబ్బు. లాప్‌టాప్ ఆమెకి రోజు కూలి. నాలుగేళ్ళ నాటిది, నిరుడు వేసవిలో మొండికెత్తింది. సినిమా తెరిస్తే బొమ్మ ఆగిపోవడం, రాసింది దాచమంటే అర నిమిషం ఆలోచించడం. దుకాణానికి తీసుకెళితే అక్కడి కుర్రాడు మూత తెరిచీ తెరవకుండానే, "ఇగ దీంతో లాభం లేదు మేడం, ఓల్డ్ అయిపోయింది. యాభై ఐదు వేలల్ల మంచిది ఇప్పిస్తా" అన్నాట్ట. ఆమె కళ్ళనీళ్ళ పర్యంతమై, "అక్కా, చిట్టీ పాడేయనా?" అంటూ మా ఇంటికొచ్చింది.

"ఎంత చోటు ఖాళీ వుందే?" అన్నాను.

"ఎందులో అక్కా?"

చూస్తే, రెండు వందల యాభై గిగాబైట్ల పెట్టెలో మిగిలింది మూడంటే మూడు! నాలుగేళ్ళుగా తను పనిచేసిన ప్రతి సినిమా అందులోనే వుంది. పని పూర్తయి, డబ్బు ముట్టి, ఆ సినిమాలు టీవీలో కూడా వచ్చేశాయి. రాసిన సబ్‌టైటిల్స్ ఫైళ్ళు చిటికెడు, ఆ సినిమా బొమ్మలు బండెడు. తన రాతలన్నీ రెండు చోట్ల కాపీ తీసిపెట్టుకుంది. ఆ సినిమాలు తన దగ్గర వుండక్కర్లేదని నిర్మాణసంస్థల వాళ్ళని అడిగి తెలుసుకుని తీసేసింది. బిన్ ఖాళీ చేసి, ఆప్టిమైజ్ నొక్కి, రాత్రంతా కరెంటుకి తగిలించి వుంచింది. మర్నాడు పొద్దున్న ఫోను. "అక్కా, కొత్త పెళ్ళికూతుర్లా వుంది!" ఏడాదైంది, ఇప్పటికీ దాంతోనే బువ్వ తింటోంది. చిట్టీ పాడలేదు.

ఆ కుర్రాడు దొంగ అని నేననను. వాడికి నేర్పిన చదువే అంత. అమ్మితే కమీషను, సర్దితే ఏమీ రాదు. సర్దే పనికి ఇంట్లోనూ జీతం లేదు, దుకాణంలోనూ లేదు. లోపం అక్కడుంది.

"మరి పలకలు అరుగుతాయన్నావుగా, పాతబడ్డం నిజమే కదా?" అంటారు. అరుగుతాయి. లెక్క చూద్దాం రండి. వెయ్యి గిగాబైట్ల మామూలు డ్రైవుల్లో చాలావాటికి ఆరువందల టెరాబైట్ల దాకా రాసుకోవచ్చని కంపెనీలే హామీ ఇస్తాయి. రోజుకి ముప్ఫై గిగాబైట్లు రాసినా, అది మనలాంటివాళ్ళం చెయ్యగలిగినదానికన్నా ఎక్కువే, ఆ హామీ తీరడానికి యాభై ఏళ్ళు పైన పడుతుంది. అన్నేళ్ళు పెట్టెలో మిగతా భాగాలు బతకవనుకోండి. కానీ నాలుగేళ్ళకే పలకలన్నీ అరిగిపోయాయంటే మాత్రం నమ్మకండి.

పాతబడటమనే మాట ఎంత మోసపూరితమో చూపే సంగతి ఒకటి జరిగింది. శామ్‌సంగ్ కంపెనీ 2013లో 840 ఎవో అనే ఎస్.ఎస్.డి. తెచ్చింది. మరుసటేడు జనం గమనించారు. కొత్తగా రాసినవి చకచకా వస్తున్నాయి, నెలల కిందట రాసి ముట్టుకోనివి మాత్రం ఈడుస్తూ వస్తున్నాయి. అరల్లో బంధించిన విద్యుత్తు కాలం గడిచేకొద్దీ కాస్త జారుతుంది. ఆ జారినదాన్ని చదవటంలో గుమాస్తా తడబడుతున్నాడన్నమాట. డ్రైవులు పారెయ్యమన్నారా? లేదు. 2014 అక్టోబరులో గుమాస్తాకి కొత్త పాఠం పంపారు. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. అది చాలక 2015 ఏప్రిల్‌లో ఇంకోటి పంపారు. పాత వరసల్ని అప్పుడప్పుడు తీసి తిరగరాయమన్నది ఆ రెండో పాఠంలోని మాట. ఆవకాయ జాడీ తీసి తిరగకలిపినట్టన్నమాట! అందుకని మీ డ్రైవు కంపెనీవాళ్ళు ఫర్మ్‌వేర్ ఏదైనా ఇచ్చారేమో ఏడాదికోసారి చూడండి. వేసేముందు మాత్రం కాపీ తీసిపెట్టుకోండి.

ఎండ సంగతి మన హైదరాబాదువాళ్ళకి చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటుతుంది. వేగం గల ఎస్.ఎస్.డి.లు పనిచేసేటప్పుడు బాగా వేడెక్కుతాయి. డెబ్భై, ఎనభై డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి కాలిపోకుండా తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. లాప్‌టాప్‌ని దిండు మీదా, పరుపు మీదా పెట్టి, గాలి వచ్చే కన్నాలు మూసేసి, "స్లో అయిపోయింది" అంటే ఎవరి తప్పు? చెక్క బల్ల మీద పెట్టండి. ఫ్యాను కన్నాల్లో దుమ్ము తీయించండి. ఇది కూడా ఖాళీ విషయమే, గాలికి వదలాల్సిన ఖాళీ.

న్యాయంగా ఇంకోవైపు కూడా చెప్పాలి. మందగించిన ప్రతి కంప్యూటరుకీ డ్రైవే కారణం కాదు. ర్యామ్ చాలకపోవచ్చు, తెరవగానే లేచి కూర్చునే ప్రోగ్రాములు పాతిక వుండొచ్చు, వైరస్ దూరి వుండొచ్చు. డ్రైవు నిజంగా చావుబతుకుల్లో వుంటే గుర్తులు వేరు. ఫైళ్ళు తెరుచుకోవు, చదవలేనని తప్పులు చూపుతుంది, చదవనిస్తుంది గాని రాయనివ్వదు, ఒక్కోసారి అసలు డ్రైవే కనిపించదు. అప్పుడు శుభ్రం చేస్తూ కూచోకండి, ముందు వున్నదంతా వేరే చోటికి కాపీ తీసుకుని కొత్తది కొనండి. రోగానికీ అలసటకీ తేడా తెలుసుకోమంటున్నాను, అంతే.

ఇప్పుడు నా మీద రాబోయే పెద్ద అభ్యంతరం నాకు తెలుసు. "ఖాళీ చెయ్యి, తీసెయ్యి అంటున్నావు. తీసేసి తీసేసే కదమ్మా, మన సినిమాలన్నీ పోగొట్టుకున్నాం!"

నిజమే. 1921లో రఘుపతి వెంకయ్యగారూ, ఆయన కుమారుడు ప్రకాష్‌గారూ తీసిన "భీష్మ ప్రతిజ్ఞ" ఇవాళ చూద్దామంటే లేదు. 1932లో విడుదలైన మన మొదటి టాకీ, హెచ్.ఎం. రెడ్డిగారి "భక్త ప్రహ్లాద", దాని ప్రింటూ లేదు. 1957 నాటి "మాయాబజార్" ఫిలిం మిగలబట్టి గదా, 2010లో మన హైదరాబాదువాళ్ళే దానికి రంగులద్ది మళ్ళీ థియేటర్లలో వెయ్యగలిగారు! దాచుకోవడం ఎంత అవసరమో మా ఫిలింనగర్‌కి ఒకరు చెప్పనక్కర్లేదు.

నా జవాబు ఇది. దాచుకోవడమూ, కుక్కుకోవడమూ ఒకటి కాదు. పట్టుచీరె దాచాలనుకునేవాళ్ళు వంటింట్లో రోజూ వాడే గూట్లో పెట్టరు. ఎస్.ఎస్.డి. పని బల్ల. కూరలు తరిగే పీట. దాని మీద రేపటి పని వుండాలి గాని తాతలనాటి నగలు వుండకూడదు. పదికాలాల పాటు వుండాల్సిన వాటికి రెండు మూడు కాపీలు తీసి, ఒక కాపీ ఇంట్లో, ఒకటి ఇంటికి దూరంగా పెట్టుకోవాలి. అందులో కనీసం ఒకటి వేరేరకం పెట్టెలో వుండాలి.

ఇంకో సంగతి విన్నారంటే ఉలిక్కిపడతారు. ఎస్.ఎస్.డి.ని బీరువాలో తాళం వేసి దాచడం క్షేమం కాదు! బంధించిన విద్యుత్తు జారుతుందన్నానే, కరెంటు ఇవ్వకుండా వుంచితే అది జారుతూనే వుంటుంది. ఇంట్లో వాడే రకం డ్రైవు తన హామీ రాతంతా రాసేశాక కూడా కరెంటు లేకుండా, ముప్ఫై డిగ్రీల వేడిలో, ఏడాది పాటు నిలుపుకోవాలని జెడెక్ అనే ప్రమాణాల సంస్థ పెట్టిన కనీసపు నియమం. కొత్త డ్రైవు అంతకన్నా చాలా ఎక్కువకాలమే నిలుపుకుంటుంది. కానీ మన బీరువాల్లో మే నెలలో ముప్ఫై డిగ్రీలు ఎక్కడున్నాయండీ? అమ్మాయి పెళ్ళి వీడియో ఏకైక ప్రతి పాత ఎస్.ఎస్.డి.లో పెట్టి, నగలతోపాటు లాకర్లో పడేసినవాళ్ళు ఈ వారమే తీసి చూసుకోండి. ఇంకోటి. హార్డ్ డిస్కులో పొరపాటున తీసేసినవి నిపుణులు ఒక్కోసారి వెలికితీస్తారు. ట్రిమ్ కబురు వెళ్ళిన ఎస్.ఎస్.డి.లో అది దాదాపు అసాధ్యం. అందుకే ముందు కాపీ, తరవాత తీసివేత. ఈ వరస తప్పకూడదు.

ఇదంతా ఎడిటింగు గదుల్లో బాగా తెలుసు. ఎవరికి తెలుసంటే, పెద్ద ఎడిటరుకి కాదు, రాత్రి రెండు గంటలకి ఒంటరిగా కూచునే అసిస్టెంటుకి తెలుసు. షూటింగునుంచి వచ్చిన పెట్టె రెండు మూడు చోట్ల కాపీ తీసి, సరిపోల్చి, అన్నీ వచ్చాయని తేలాక, ఆ పెట్టెని మళ్ళీ కెమెరాకి ఖాళీ చేసి పంపేది ఆ పిల్లలే. సాఫ్టువేరు పేర్చిన తాత్కాలికపు చెత్త ఊడ్చేదీ వాళ్ళే. పొద్దున్న పదింటికి పెద్దాయన వచ్చి కూర్చుంటే బొమ్మ వెన్నలా కదులుతుంది. "మన మెషీన్ భలే ఫాస్ట్" అని ఆయన మెచ్చుకుంటారు. వాళ్ళ పేర్లు సినిమా చివర, జనం లేచి చెప్పులు వెతుక్కునే వేళకి, చదవలేని వేగంతో పైకి పోతాయి.

అదీ నాకు మంట! కొనేవాడికి గొప్ప, నింపేవాడికి సరదా. సర్ది, తుడిచి, చోటు మిగిల్చే మనిషి మాత్రం లెక్కలోకి రాడు, రాదు. చోటు మిగల్చడం తెలివి అనుకోకపోతే కొత్త యంత్రం కొన్నా అది రెండేళ్ళ ముచ్చటే. దాన్నీ కుక్కుతాం, దాన్నీ తిడతాం, దాన్నీ పారేస్తాం. పనిచేసే వస్తువులు గుట్టలుగా చెత్తలోకి పోతాయి, మధ్యతరగతివాళ్ళ చిట్టీ డబ్బులు దుకాణాల్లోకి పోతాయి.

కనక అక్కల్లారా, చెల్లెళ్ళారా, ఈసారి ఎవరైనా మీ కంప్యూటర్ని చూసి "పాతబడింది" అంటే, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నిదానంగా మూడు ప్రశ్నలు వెయ్యండి. "చోటెంత ఖాళీ వుంది నాయనా? ఆప్టిమైజ్ ఆఖరుసారి ఎప్పుడైంది? వేడెంత వుంది?" మూడింటికీ జవాబు చెప్పలేనివాడి చేతికి మీ పర్సు ఇవ్వకండి. ఇంట్లో ఎవరైనా "ఖాళీగానే వుందిగా, ఈ నాలుగు సినిమాలు కూడా పడెయ్యి" అంటే, వీల్లేదని గట్టిగా చెప్పండి. ఆ ఖాళీ ఊరికే లేదనీ, పని చేస్తోందనీ చెప్పండి.

ఆ మాట అనడం అలవాటైతే, రేపు మధ్యాహ్నం రెండింటికి మీ గురించి కూడా అనగలుగుతారు.